బ్యాగు తేలిక చేసుకునేవాళ్లు వినకూడని సలహాలు

డిసెంబరులో కేదార్‌కంఠకు, జూన్‌లో హంప్టా పాస్‌కు, ఆగస్టులో కశ్మీర్ సరస్సులకు మన ఊళ్ల నుంచి జట్లు జట్లుగా బయల్దేరుతున్నారు. కుర్రకారే కాదు, రిటైరైనవాళ్లు, పిల్లల్ని వెంటబెట్టుకున్న దంపతులు కూడా ఉంటున్నారు. నాలుగైదు రోజుల నడకకు 14, 15 కిలోల బ్యాగు తగిలించుకుని, మొదటి ఎక్కుడులోనే భుజం పట్టీల కింద వేళ్లు దూర్చి నిలబడిపోయేవాళ్లు ప్రతి జట్టులోనూ కనిపిస్తారు. ఇంటికి తిరిగొచ్చాక వాళ్లు అడిగే మొదటి ప్రశ్న, ఈ బరువు తగ్గేదెలా అని.

అడగాల్సిన ప్రశ్నే. బరువు తగ్గితే దిగుడులో మోకాళ్లు బతుకుతాయి. తల ఎత్తి చుట్టూ చూడగలుగుతాం. క్యాంపు చేరేసరికి ఒంట్లో ఓపిక మిగిలి, పక్కవాళ్లకు టెంటు వేయడంలో చెయ్యి అందించగలుగుతాం. చిక్కంతా దొరికే జవాబులతోనే. ముందు వెళ్లొచ్చినవాళ్లు, దుకాణాలవాళ్లు, వీడియోలవాళ్లు చెప్పే సలహాల్లో కొన్ని డబ్బు పోగొడతాయి, కొన్ని నిద్ర పోగొడతాయి, కొన్ని ప్రాణం మీదికి తెస్తాయి. వినడానికి అన్నీ సబబుగానే ఉంటాయి. అందుకే ఒక్కొక్కదాన్నీ విప్పి చూడాలి.

వాటన్నిటికీ గీటురాయి ఒకటే. తీసేసిన బరువు నిజంగా పోయిందా, లేక ఇంకొకరి వీపు మీదికి ఎక్కిందా? ఈ ప్రశ్నకు నిలిచే సలహానే తీసుకోండి.

“ముందు తేలికైన బ్యాగు కొను. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.”

పాత 60, 70 లీటర్ల రక్‌శాక్ ఖాళీగానే 2 కిలోలు దాటుతుంది. కొత్త తరహా బ్యాగు కిలోకు అటూఇటుగా ఉంటుంది. బ్యాగు మారిస్తే చాలు, ఒక్క దెబ్బకు కిలో తగ్గినట్టే అంటారు. లెక్క నిజమే గానీ వరుస తప్పు. చట్రాన్ని, మందపాటి నడుము పట్టీని తగ్గించడం వల్లే ఆ బ్యాగులకు ఆ తేలికదనం వస్తుంది. చట్రం ఉన్న బ్యాగు బరువును నడుము ఎముకల మీదికి దించుతుంది. చట్రం లేనిదాంట్లో 8, 9 కిలోలు దాటాయంటే భారమంతా భుజాల మీదే వేలాడుతుంది. సామాను పాతదే ఉంచి బ్యాగు మాత్రం కొత్తది కొన్నవాళ్లకు నొప్పి పెరుగుతుంది.

బ్యాగు చివర కొనాలి. మొదట కావలసింది త్రాసు. వంటింట్లో పిండి తూచే డిజిటల్ త్రాసు సరిపోతుంది. ప్రతి వస్తువునూ విడిగా తూచి కాగితం మీద రాయండి. తిండి, నీళ్లు, ఇంధనం, ఒంటి మీది బట్టలు మినహాయించగా మిగిలినదాన్ని బేస్ వెయిట్ అంటారు. మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా మారని బరువు అది. అమెరికా నడకదారుల లెక్కలో బేస్ వెయిట్ 20 పౌండ్ల లోపు, అంటే 9 కిలోల లోపు ఉంటే తేలిక. 10 పౌండ్ల లోపు, అంటే 4.5 కిలోల లోపు ఉంటే అతి తేలిక. టెంటు, వంట సామాను అన్నీ మీరే మోసేటట్టయితే 9 కిలోల గీత పెట్టుకోండి. టెంటు, స్లీపింగ్ బ్యాగు, భోజనం ట్రెక్ సంస్థే చూసుకునే చోట మీ బేస్ వెయిట్ 5, 6 కిలోలు దాటాల్సిన అవసరమే లేదు. సామానంతా తగ్గి, ఒక చోట కుప్పగా కనిపించాక, దానికి ఎన్ని లీటర్ల బ్యాగు కావాలో అదే చెబుతుంది.

“గ్రాము గ్రామూ లెక్కే. బ్రష్ పిడి విరిచెయ్, ట్యాగులు కత్తిరించెయ్.”

బ్రష్ పిడి విరిస్తే 5, 10 గ్రాములు తగ్గుతాయి. అదే బ్యాగులో జీన్స్ ప్యాంటు ఉంటే అది 600 గ్రాములకు పైమాటే. మందపాటి నూలు టవల్ 400 గ్రాములు, లీటరు స్టీలు సీసా ఖాళీగా 300 గ్రాములు దాటుతుంది. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ 400 గ్రాముల దాకా తూగుతుంది. లెన్సుతో కలిపి డీఎస్ఎల్ఆర్ కెమెరా కిలో దగ్గర ఆగుతుంది. వీటిని వదిలి పిడి విరవడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే.

కాగితం మీద రాసిన జాబితాను బరువు వరుసలో పేర్చుకోండి. పైనున్న పది వస్తువుల మీదే మీ ఆలోచనంతా పెట్టండి. అన్నిటికంటే ఎక్కువ తూగేవి మూడు: బ్యాగు, పడుకునే సరంజామా, టెంటు. ఆ తర్వాత బట్టలు. స్టీలు సీసా బదులు మామూలు మినరల్ వాటర్ సీసా తీసుకుంటే అది 30 గ్రాములకు అటూఇటుగా ఉంటుంది. నూలు టవల్ బదులు పల్చటి తువ్వాలు ఒకటి పెట్టుకోవచ్చు. ఈ మార్పుల్లో చాలావాటికి రూపాయి ఖర్చు లేదు. ముందు తీసెయ్యాలి, తర్వాత ఇంట్లో ఉన్నదానితో మార్చాలి, ఆ తర్వాతే కొనాలి. దుకాణంతో మొదలుపెట్టినవాళ్లు ఈ వరుసను తలకిందులు చేస్తారు, అందుకే వేలు ఖర్చుపెట్టినా బ్యాగు బరువుగానే ఉంటుంది.

“చలి ప్రదేశం. రోజుకో జత, ఒక స్వెట్టరు ఎక్కువే ఉండనీ.”

ఇది ప్రేమతో ఇచ్చే సలహా. అమ్మ చెబుతుంది, అమ్మమ్మ చెబుతుంది. వాళ్ల ఆందోళన న్యాయమైనదే. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు పడిపోతుంది. 3,800 మీటర్ల కేదార్‌కంఠ శిఖరం మీద డిసెంబరు తెల్లవారుజామున మన లంబసింగి చలి గుర్తుకు కూడా రాదు. కానీ ఆ చలికి జవాబు జతల సంఖ్యలో లేదు, పొరల్లో ఉంది.

ఒంటికి అంటుకునే పొర చెమటను లాగి త్వరగా ఆరాలి. అంటే సింథటిక్ బనియన్ గానీ మెరినో ఉన్ని గానీ. దాని మీద ఫ్లీస్. ఆగినప్పుడు, క్యాంపులో కూర్చున్నప్పుడు వేసుకోవడానికి డౌన్ లేదా సింథటిక్ పీచు నింపిన జాకెట్. అన్నిటి మీదా గాలిని, వానను ఆపే పొర. ఈ నాలుగూ కలిస్తే ఇచ్చే వెచ్చదనాన్ని నాలుగు స్వెట్టర్లు ఇవ్వలేవు. నూలు బట్టలు, ముఖ్యంగా జీన్స్, తడిస్తే నీళ్లు పట్టుకుని ఒంట్లో వేడిని లాగేస్తాయి, ఆ చలిలో ఒక పట్టాన ఆరవు.

నడవడానికి ఒక జత, పడుకోవడానికి ఒక జత. పడుకునే జతను ఎంత వాన వచ్చినా తడవనివ్వకూడదు. మేజోళ్లు మూడు జతలు, లోదుస్తులు అవసరానికి సరిపడా. ఇంతే. ఇంట్లోవాళ్లకు ధైర్యం కలగాలంటే, ఆ నాలుగు పొరలూ వేసుకుని వాళ్లకు చూపించండి. స్వెట్టర్ల మూట ఇవ్వలేని నమ్మకం వాళ్లకు అది ఇస్తుంది.

ఇదే విషయంలో దీనికి పూర్తిగా ఎదురు సలహా కూడా వినిపిస్తుంది: “నడుస్తుంటే చెమటే పడుతుంది, జాకెట్ దండగ.” నడిచేటప్పుడు జాకెట్ అక్కర్లేదు, నిజమే. కాలు మెలిక పడి రెండు గంటలు రాతి మీద కూర్చోవలసి వస్తే అదే కావాలి. జాకెట్ ఉండేది ఆగినప్పటి కోసం.

“స్లీపింగ్ బ్యాగు మందంగా ఉంటే చాలు. మ్యాట్ ఎందుకు?”

రాత్రంతా వణికి, పొద్దున్నే బ్యాగును తిట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు లోటు మ్యాట్ దగ్గరే ఉంటుంది. డౌన్ అయినా సింథటిక్ అయినా వెచ్చదనం ఇచ్చేది పీచు మధ్య చిక్కుకున్న గాలి. మన ఒంటి బరువు కింద ఆ పీచు నలిగి పల్చబడుతుంది, గాలి పోతుంది. ఇక కింద నుంచి నేల వేడిని లాగేస్తూనే ఉంటుంది. ఆ దారిని మూసేది మ్యాటే.

మ్యాట్ వేడిని ఎంత ఆపుతుందో ఆర్-వ్యాల్యూ అనే అంకె చెబుతుంది. 2018లో అందరు తయారీదారులకూ ఒకే కొలత పద్ధతి వచ్చాక ఒక కంపెనీ అంకెను ఇంకో కంపెనీ అంకెతో పోల్చుకోవడం వీలైంది. మడతపెట్టే ఫోమ్ మ్యాట్లు ఆర్-వ్యాల్యూ 2 దగ్గర ఉంటాయి, బరువు 400 గ్రాములకు అటూఇటుగా ఉంటుంది. వేసవికి అవి చాలు. మంచు మీద పడుకోవాలంటే 4, 5 ఉండాలి. రెండు మ్యాట్లు ఒకదాని మీద ఒకటి వేస్తే రెండు అంకెలూ కలుస్తాయి. కాబట్టి ఫోమ్ మ్యాట్ మీద గాలి ఊదే పల్చటి మ్యాట్ వేసుకోవడం తక్కువ ఖర్చులో మంచి మార్గం. గాలిది చిల్లు పడినా కింది ఫోమ్ కాపాడుతుంది.

స్లీపింగ్ బ్యాగు మీద ముద్రించిన ఉష్ణోగ్రతల్ని కూడా జాగ్రత్తగా చదవాలి. వాటిలో కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు ఉంటాయి. ఎక్స్‌ట్రీమ్ అంకె హాయిగా పడుకోవడానికి కాదు. ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడే ముప్పు ఉందని చెప్పే అంకె అది. తేలిక బ్యాగు అమ్మాలనుకునేవాళ్లు పెద్ద అక్షరాల్లో చూపేది తరచూ అదే. మీరు పడుకునే చోట రాత్రి ఉష్ణోగ్రతకు కంఫర్ట్ అంకె సరిపోతుందో లేదో చూడండి. అక్కడ 200 గ్రాములు మిగిల్చి నిద్ర పోగొట్టుకుంటే, ఆ నిద్రలేమి మర్నాడు కాళ్ల మీద కిలోలుగా కూర్చుంటుంది.

“తిండి తగ్గిస్తే బ్యాగు అదే తగ్గుతుంది.”

తిండిలో తగ్గించాల్సింది నీళ్లు, అట్టపెట్టెలు, గాజు సీసాలు. శక్తిని కాదు. కొవ్వు గ్రాముకు 9 క్యాలరీలు, పిండి పదార్థాలు, మాంసకృత్తులు 4 చొప్పున ఇస్తాయి. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే తిండి సంచీ దానంతట అదే మారిపోతుంది. 100 గ్రాముల ఆపిల్ 50 క్యాలరీలు. అంతే బరువున్న వేరుశనగపప్పు, నువ్వులు 560కి పైన. ఎండు కొబ్బరి 650 దాకా. నెయ్యి 900 దగ్గర. వేడి చేసి తినే తడి కూరల పొట్లాల్లో సగానికి పైగా నీళ్లే, 100 గ్రాములకు 150 క్యాలరీలు దాటడం కష్టం.

ఈ లెక్కలో మన వంటింటిని మించింది లేదు. ట్రెక్ కోసమని విదేశీ ఎనర్జీ బార్లు వెతుక్కునేవాళ్లు మన పల్లీ చిక్కీని, నువ్వుండల్ని, కొబ్బరి బెల్లం ఉండల్ని మరిచిపోతున్నారు. సున్నుండలు చూడండి: మినపపిండి, బెల్లం, నెయ్యి. పాడవవు, జేబులో పడతాయి, నమలడానికి సులువు. జంతికలు, కాజాలు కూడా శక్తి దండిగా ఉన్నవే, కాకపోతే చోటు ఎక్కువ తీసుకుంటాయి. మరమరాలు చేతికి తేలిగ్గా ఉన్నా బ్యాగు నిండిపోతుంది, కడుపు నిండదు.

సొంతంగా వండుకునేవాళ్లు ఎత్తును గుర్తుపెట్టుకోవాలి. 4,000 మీటర్ల దగ్గర నీళ్లు 87 డిగ్రీలకే మరిగిపోతాయి. కందిపప్పు ఉడకదు, బియ్యం పలుకుగానే మిగులుతుంది, గ్యాసు మాత్రం అయిపోతుంది. అటుకులు ఆ పని లేకుండా వేడినీళ్లకే మెత్తబడతాయి. తిరగమోత ఇంట్లోనే పెట్టి, వేయించిన పల్లీలు, పుట్నాలు, కరివేపాకు, ఎండుమిర్చి అటుకుల్లో కలిపి రోజుకో పొట్లం కట్టుకుంటే అక్కడ వేడినీళ్లు పోసి మూత పెట్టడమే పని. కంది పొడి, కరివేపాకు కారం, ఒక చిన్న ప్లాస్టిక్ సీసాలో నెయ్యి ఉంటే అదే భోజనం. ఆవకాయ మీద ప్రేమ ఉన్నవాళ్లు గాజు సీసా బదులు గట్టి మూతున్న చిన్న డబ్బాలో మూడు రోజులకు సరిపడా తీసుకోండి. ఎత్తు పెరిగేకొద్దీ ఆకలి మందగిస్తుంది. అప్పుడు శాస్త్రం చెప్పిన తిండి కంటే నాలుక గుర్తుపట్టే తిండే లోపలికి వెళ్తుంది.

రోజుకు 600, 700 గ్రాముల పొడి తిండి, సగటున గ్రాముకు నాలుగున్నర క్యాలరీలు ఉండేలా చూసుకుంటే చాలామందికి సరిపోతుంది. దానికి తోడు ఒక పూట తిండి అదనంగా ఉండాలి. దారి మూసుకుపోతే ఆ పూట విలువ తెలుస్తుంది. గ్యాస్ క్యానిస్టర్‌ను విమానంలో ఏ సంచీలోనూ పెట్టనివ్వరు. చేరాక డెహ్రాడూన్‌లోనో మనాలిలోనో కొనుక్కోవాలి.

“నీళ్లు మోయకు. దారి పొడుగునా వాగులే.”

లీటరు నీళ్లంటే కిలో. కాబట్టి ఈ సలహా ఆకర్షిస్తుంది. వాగు ఎక్కడుందో, ఆ నెలలో పారుతోందో లేదో అదే దారిన ఈమధ్య వెళ్లినవాళ్లనో గైడునో అడిగి తెలుసుకున్నాకే తగ్గించాలి. లోయలో ఒక లీటరుతో సరిపెట్టుకోవచ్చు, గట్టు మీద రోజంతా నడవాలంటే రెండు, రెండున్నర కావాలి. నల్లమలలో, తూర్పు కనుమల్లో వేసవిలో అయితే మ్యాపులో నీలం గీత ఉన్నచోట రాళ్లే కనిపిస్తాయి. తేటగా కనిపించే హిమాలయ వాగుకు ఎగువన గొర్రెల మందలు, క్యాంపులు ఉంటాయి. క్లోరిన్ మాత్రల పట్టీ కొన్ని గ్రాములే, చిన్న ఫిల్టరు 100 గ్రాముల లోపే. బరువు ఆదా చేసే సాధనం అదీ: శుద్ధి చేసుకోగలిగినవాళ్లు తక్కువ నీళ్లు మోయగలుగుతారు.

“కొండలంటే బరువైన బూటే ఉండాలి.”

పాదానికి కట్టిన బరువు వీపు మీది బరువు కంటే నాలుగైదు రెట్లకు పైగా శ్రమ పెడుతుందని పాత పర్వతారోహకులు అనుభవంతో చెప్పారు, తర్వాత కొలతల్లోనూ దాదాపు అలాగే తేలింది. అడుగడుక్కీ దాన్ని ఎత్తాలి కాబట్టి. తోలు బూట్ల జత కిలోన్నర తూగితే, పట్టున్న ట్రయిల్ షూ జత 700 గ్రాముల్లో వస్తుంది. మంచు లేని కాలిబాట మీద, తేలిక బ్యాగుతో అవి చాలు. బ్యాగులో ఏది తీసేసినా ఇంత లాభం రాదు.

దీన్ని శీతాకాలపు మంచుకు అన్వయించకండి. అక్కడ చీలమండ దాటే, నీళ్లు దిగని బూటు కావాలి, జారకుండా దాని మీద తొడిగే ముళ్ల పట్టీలు, మైక్రోస్పైక్స్, కావాలి. ఏ షూ అయినా ట్రెక్‌కు ముందు నెల రోజులైనా కాళ్లకు అలవాటు కావాలి. బ్యాగు తగిలించుకుని అలిపిరి మెట్లు ఎక్కి దిగితే షూ సంగతీ, బ్యాగు సంగతీ, మీ సంగతీ ఒకేసారి తెలిసిపోతుంది. అక్కడ మెట్లు 3,550. కొత్త సామాను కొండల్లో మొదటిసారి విప్పకూడదు.

“గేట్‌వుడ్ అమ్మమ్మ ఏమీ లేకుండా నడిచింది. మనకెందుకు టెంటు?”

ఎమ్మా గేట్‌వుడ్ 1955లో, తన 67వ ఏట, అమెరికాలోని అప్పలాచియన్ ట్రయిల్ మొత్తాన్ని ఒంటరిగా నడిచారు. సుమారు 3,300 కిలోమీటర్లు. డెనిమ్ గుడ్డతో స్వయంగా కుట్టుకున్న సంచీ ఒక భుజాన, కాళ్లకు కాన్వాస్ బూట్లు, వానకు స్నానాలగది ప్లాస్టిక్ తెర. టెంటూ లేదు, స్లీపింగ్ బ్యాగూ లేదు. తేలిక నడకను అభిమానించేవాళ్లు ఆమెను తలుచుకోవడం ఎంతైనా సబబు. 1992లో పుస్తకం రాసి, బరువు తగ్గించడాన్ని ఒక పద్ధతిగా చెప్పిన రే జార్డిన్ కంటే దాదాపు 40 ఏళ్ల ముందు ఆమె దాన్ని ఆచరించి చూపించారు.

అయితే ఆమె సంచీని చూసి ఆమె జీవితాన్ని మరిచిపోకూడదు. ఒహాయో పొలాల్లో ఒళ్లు వంచి పనిచేసి, 11 మంది పిల్లల్ని పెంచిన మనిషి ఆమె. ఏ ఆకు తినొచ్చో తెలుసు. దారిలో షెల్టర్లు ఉన్నాయి, తలుపు తట్టిన ఇళ్లలో చాలామంది చోటిచ్చారు. ఆ దారిలో అత్యంత ఎత్తైన చోటు 2,025 మీటర్లు. మన హంప్టా పాస్ 4,270 మీటర్లు, దగ్గర్లో తట్టడానికి తలుపు ఉండదు. ఆమె వదిలేసిన ప్రతి వస్తువు స్థానంలో ఒక తెలివిడి ఉంది. మీకు ఆ తెలివిడి ఎంత వచ్చిందో అంతే వదిలెయ్యండి. టెంటు బదులు టార్పాలిన్ వాడాలనుకుంటే ముందు మన అనంతగిరి కొండల్లో, వాన రోజు, వెనక్కి రావడానికి దారి దగ్గరగా ఉన్నచోట వేసి చూడండి.

“ఎన్ని ట్రెక్‌లు చేసినా మందుల సంచీ విప్పలేదు. తీసెయ్.”

తాను వాడలేదన్నది ఆ సంచీ అనవసరమని రుజువు కాదు. సియాటిల్‌లోని పర్వతారోహకుల సంఘం ది మౌంటెనీర్స్ తప్పనిసరి వస్తువులు పదింటిని జాబితాగా 1974లో తమ పుస్తకంలో అచ్చేసింది. దారి చూపేవి, వెలుతురు, ఎండ నుంచి రక్షణ, ప్రథమ చికిత్స, కత్తి, నిప్పు, తలదాచుకునేది, అదనపు తిండి, నీళ్లు, బట్టలు. ఇది ఆ జాబితా ఇప్పటి రూపం. కాలంతో మాటలు, కొన్ని వస్తువులు మారాయి గానీ సారం నిలిచింది. వీటిని చిన్నవి చేసుకోండి, మాయం చెయ్యకండి. మందుల దుకాణం మొత్తం అక్కర్లేదు: మీ సొంత మందులు, నొప్పి మాత్రలు, ఓఆర్ఎస్, బొబ్బలకు టేపు, కట్టు కట్టడానికి గాజుగుడ్డ, ఒక విజిల్. 200 గ్రాముల్లో అయిపోతుంది. హెడ్‌టార్చ్ 100 గ్రాముల లోపే. ఫోన్ టార్చి దానికి బదులు కాదు. చలికి బ్యాటరీ ముందే పడిపోతుంది, పైగా చేతులు ఖాళీగా ఉండవు.

జట్టులో పంచుకోదగ్గవి ఉన్నాయి: గిన్నెలు, పవర్ బ్యాంక్, సన్‌స్క్రీన్, మందుల పెద్ద సంచీ. పంచుకోకూడనివీ ఉన్నాయి: వాన కోటు, వెచ్చటి జాకెట్, టార్చి, నీళ్లు. ఇవి ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి. పోంచో తేనివాళ్లు తడిసి వణుకుతుంటే గైడు తన జాకెట్ విప్పి ఇస్తాడు. బరువు పోలేదు. ఆ చలి గైడు మీదికి మారింది.

“బ్యాగు తేలికైంది కదా, రెండు రోజుల దారి ఒక రోజులో కొట్టేద్దాం.”

అన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఇదే. కాళ్లు తేలికైతే వేగం వస్తుంది, రక్తం మాత్రం ఎత్తుకు తన సమయంలోనే అలవాటు పడుతుంది. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలని పర్వత వైద్యులు చెబుతారు. తలనొప్పి, వాంతి మొదలైతే ఎక్కడం ఆపాలి. తగ్గకపోతే దిగాలి. నడకలో తూలడం మొదలైతే వెంటనే దిగాలి. బ్యాగు తేలికైనందువల్ల మిగిలిన శక్తిని పైకి పరుగెత్తడానికి వాడకండి. క్యాంపు చేరి, కాస్త పైకి నడిచి మళ్లీ కిందికొచ్చి పడుకోవడానికి, నీళ్లు కాచుకోవడానికి, జట్టులో వెనకబడినవాళ్లతో కలిసి నడవడానికి వాడండి.

“బాధెందుకు? డబ్బులిచ్చి ఆఫ్‌లోడ్ చేసెయ్.”

వెన్నునొప్పి ఉన్నవాళ్లు, వయసు మీరినవాళ్లు పోర్టర్‌ను పెట్టుకోవడం మంచిదే. కొండ ఊళ్లకు అది జీవనాధారం. న్యాయమైన కూలీ ఇచ్చి, కొలిచిన బరువు ఇస్తే ఇద్దరికీ మేలు. తప్పెక్కడంటే, తీసెయ్యలేకపోయిన చెత్తనంతా సంచీలో కుక్కి ఇంకో మనిషి వీపుకు, లేదా కంచరగాడిదకు కట్టడంలో. మూడో జత ప్యాంటు, షాంపూ సీసా, ఒక్కసారీ తియ్యని పుస్తకం అతని మోకాళ్ల మీద కొండ ఎక్కుతాయి. కాగితం మీద మీ బరువు తగ్గింది. కొండ మీద తగ్గలేదు.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లే కిలిమంజారోలో పోర్టర్ చేత 20 కిలోలకు మించి మోయించకూడదన్న నియమం ఉంది, దారి మొదట్లో తూకాలు వేస్తారు. నియమం ఉన్నచోటా లేనిచోటా మీ త్రాసు మీ దగ్గరుంది. ఆఫ్‌లోడ్ చేసే సంచీని మీరే రెండు చేతులతో పైకెత్తి భుజాన వేసుకుని పది నిమిషాలు నడవండి. దాన్ని మీరు మోయలేకపోతే అది ఇంకెవరికీ ఇవ్వదగ్గది కాదు.

మరి ఏం చెయ్యాలి?

త్రాసు తెచ్చుకోండి. ఉన్నదంతా తూచి రాయండి. అక్కర్లేనివి తీసెయ్యండి, బరువైనవి ఇంట్లో ఉన్న తేలికవాటితో మార్చండి, అప్పటికీ మిగిలిన లోటుకు మాత్రమే డబ్బు ఖర్చుపెట్టండి. ముందు మ్యాట్, తర్వాత స్లీపింగ్ బ్యాగు, ఆ తర్వాత టెంటు, అన్నిటికంటే చివర బ్యాగు. చలి జాకెట్, వాన కోటు, టార్చి, మందులు, ఒక పూట తిండి ముట్టుకోకండి. అంతా సర్దాక మొత్తం బరువు మీ ఒంటి బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకోండి. దాటితే జాబితా పైనున్న పది వస్తువుల దగ్గరికి మళ్లీ వెళ్లండి.

తిరిగొచ్చాక సామాను మూడు కుప్పలు పెట్టండి: రోజూ వాడినవి, ఒకసారి వాడినవి, అసలు వాడనివి. అత్యవసర వస్తువులు మినహాయించి మూడో కుప్పను వచ్చేసారి ఇంట్లో ఉంచండి. మరొకరు మీ దగ్గరికి వచ్చి బ్యాగు ఎలా తగ్గించుకోవాలని అడిగితే, ఏ కంపెనీ పేరూ చెప్పకుండా ముందు మీ జాబితా కాగితం వాళ్ల చేతిలో పెట్టండి.